తారు కింది ట్రామ్ పట్టాలను తుక్కు చేయకండి

సంపాదకులకు,

ముంబయిలో చివరి ట్రామ్ 1964 మార్చి 31న ఆగింది, మద్రాసులో 1953లో. లైను మూసేశాక పట్టాలు పీకడం కంటే పైన తారు పోసెయ్యడం చవక. అందుకే పాత ట్రామ్ వీధుల్లో కేబుల్ కోసమో పైపు కోసమో తవ్వినప్పుడు అవి బయటపడతాయి. కాంట్రాక్టరుకు అవి వట్టి అడ్డంకి.

తవ్వకముందే వాటి జాడ పట్టొచ్చు. తారు మీద రెండు సన్నని పగుళ్లు ఎడం మారకుండా సాగుతుంటే టేపు పెట్టి కొలవండి. ముంబయి, కోల్‌కతా పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. పగులు పట్టా నడిమిన వస్తే ఐదారు సెంటీమీటర్లు ఎక్కువ చూపొచ్చు. ఎండకు ఉక్కు, తారు ఒకే తీరున సాగవు. పైగా బండ్ల బరువుకు పట్టా రవ్వంత కదిలినా పై పొర చీలుతుంది. పల్చటి పూత ఎన్నిసార్లు వేసినా పగులు అదే గీతలో తేలుతుంది.

తల పైకెత్తితే ఇంకొన్ని ఆనవాళ్లు. పాత మేడల గోడలకు పువ్వు ఆకారపు ఇనప బిళ్ల, దానికో కొక్కెం ఉంటే అది ట్రామ్ కరెంటు తీగను లాగి కట్టినదై ఉండొచ్చు. వీధి దీపానికి అక్కర్లేనంత లావు స్తంభాలు వరసగా రోడ్డు నుంచి వెనక్కే కాస్త వాలి ఉన్నాయంటే తీగ లాగుడుకు ఎదురుగా పాతినవే. ఒక్కటే వాలి ఉంటే మాత్రం ఏ లారీయో గుద్దింది అనుకోవాలి! ముంబయిలో దాదర్ టి.టి. లాంటి పేర్లూ సాక్ష్యమే: అది ట్రామ్ టెర్మినస్.

పట్టా తేలినప్పుడు చూడాల్సింది దాని పక్కభాగం. మట్టి గీకితే తయారీదారు పేరు, ఏడాది ఉబ్బెత్తు అక్షరాల్లో కనిపించొచ్చు. ఆ ఏడాది లైను పుట్టిన ఏడాదే కానక్కర్లేదు. అరిగిన పట్టాలను మారుస్తూ వచ్చారు. అతుకు దగ్గర రాగి తీగ ఉంటే అది కరెంటు ట్రామ్‌దే, ఎందుకంటే కరెంటు తిరిగి వెళ్లేది పట్టాల్లోంచే. తుక్కు వాళ్ల కన్ను ముందు పడేదీ ఆ రాగి మీదే.

రోడ్డు టెండర్లలో ఒక షరతు చేర్చాలి. పట్టా తేలితే పని ఒక పూట ఆపి, స్కేలు పెట్టి ఫొటో తీసి, ఎడం, లోతు, అతుకు నమోదు చేశాకే కోయాలి. ఫుట్‌పాత్ అంచునో ట్రాఫిక్ ఐలాండ్‌లోనో పడిన రెండు మీటర్ల పట్టాను ఉన్నచోటే వదలాలి. పార్కుకు తరలిస్తే లైను ఎటు పోయిందో చెప్పే ఆధారం పోతుంది. బండ్లు తిరిగే చోట మాత్రం వద్దు: తడిసిన ఉక్కు మీద బైకు జారుతుంది, గాడిలో సైకిల్ చక్రం ఇరుక్కుంటుంది.

— ఒక రోడ్డు ఇంజినీరు