భోజనం వడ్డించడానికి వచ్చిన ఆ అమ్మకి

మా నాన్నగారు చాలా ఏళ్లుగా రోటరీ క్లబ్బు అనే సేవా సంఘంలో సభ్యులు. వారం వారం మీటింగు మానరు. మొన్న గురువారం తోడుగా నేనూ వెళ్లాను. అధ్యక్షులు గంట కొట్టారు, ప్రార్థన అయింది, తర్వాత ముఖ్య అతిథి ప్రసంగం మొదలైంది. అది ఎంతకీ అవ్వదే! నాన్నగారు షుగరు మాత్ర వేసుకుని భోజనం కోసం ఎదురుచూస్తున్నారు.

తిండి ఆలస్యమై షుగరు పడిపోయి ఆయనకి చెమటలు పట్టడం, చేతులు వణకడం నాకంటే ముందు గమనించింది క్యాటరింగ్ వాళ్లతో వచ్చిన ఒకావిడ. ప్లేట్లు సర్దుతున్నదల్లా వదిలేసి పరుగున వచ్చింది.

"బాబాయ్ గారూ, మింగగలరా?" అని ముందు అడిగింది. ఆయన తలూపాకే గ్లాసు నోటికి అందించింది. మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు. నేను టెన్షన్‌లో గబగబా తాగించబోతే, "మెల్లిగా అండీ, పొలమారుతుంది" అని నా చెయ్యి ఆపింది. నేల మీదే కూర్చుని, కొంగుతో ఆయన నుదురు తుడుస్తూ కబుర్లు చెప్పించింది. వాళ్లమ్మకీ షుగరేనట. 15 నిమిషాలు ఆగి చూడాలని, వణుకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలని ఆవిడకి తెలుసు. నాకు తెలీదు.

నాన్నగారు తేరుకున్నాక, వేదిక మీది పెద్దలకంటే ముందు ఆయనకే పప్పన్నం తెచ్చిపెట్టింది. ఆ పనికి ఎవరి అనుమతీ అడగలేదు, అది నాకు భలే నచ్చింది.

అమ్మా, డబ్బులిస్తే తీసుకోలేదు మీరు. నాన్నగారు కులాసాగా ఉన్నారు. ఇప్పుడు జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకునే తిరుగుతున్నారు. మా ఇంటిల్లిపాదీ మీకు దండాలు చెబుతున్నాం.