మంత్రి గారూ, ప్రైజులు తర్వాత, ముందు మా నాటిక మా ఊళ్ళో రెండోసారి ఆడనివ్వండి

రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది కందుకూరు. 1970లో ఒంగోలు కొత్త జిల్లా అయినప్పుడు మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు, 2022లో మళ్ళీ అక్కడ్నుంచి తీసి నెల్లూరులో కలిపారు, ఫైళ్ళు అటూ ఇటూ బాగానే తిరిగాయి గానీ మా ట్రూపు నాటకం ఏసుకోటానికి మాత్రం ఎప్పుడూ కల్యాణ మండపమే దిక్కు. అదీ ముహూర్తాలు లేని రోజైతేనే.

మా ట్రూపులో ఒకమ్మాయి ఉంది సార్, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పని చేస్తది. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి రొయ్య తలలు తీసే పని. రాత్రి ఇంటికొచ్చి వేళ్ళకి రొంత చలనం వచ్చాక పిల్లల పాత నోట్‌బుక్కుల్లో వెనకనుంచి రాసుకుంటా పోయింది, అట్టా ఒక నాటిక అయింది. అందులో ఒక ముసలామె తూకం కాటా ముందు నిలబడి "నన్ను ఏస్తే ఎంత కౌంటు వస్తానే?" అంటది. మీకు తెలిసే ఉంటది, కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు, 30 కౌంటు అంటే పెద్ద రొయ్య, 100 కౌంటు అంటే చిన్నది, రేటు రానిది. రెండో ఆమె ఏం తడుముకోకుండా "నూరు దాటిందిలేవే, ఇంక నిన్నెవుడు కొంటాడు" అంటది. మేం స్కూలు వరండాలో కూర్చుని చదివించుకుంటుంటే ఆడ నవ్వాం, నవ్వినాక ఎవురం మాట్లాడలా కాసేపు.

సరే, ఏద్దాం అనుకున్నాం. మండపం అద్దె, మైకు, లైట్లు, ఇద్దరు లేడీ ఆర్టిస్టులకి పేమెంటు, రానూపోనూ చార్జీలు, మొత్తం 32 వేలు అయింది, చందాలు 14 వేలు వచ్చినయ్, మిగతాది ఎవురు పెట్టారనేది ఇంట్లో వాళ్ళు కూడా చదువుతారు కాబట్టి రాయను. స్టేజీ మీద ముందురోజు పెళ్ళి తాలూకు థర్మాకోల్ అక్షరాలు పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు అట్టాగే ఉన్నయ్, పీకితే డెకరేషనోడు ఊరుకోడు. మా డైరెక్టరు రొయ్యల చెరువు గట్టు మీద నుంచి ఒక నీలం టార్పాలిన్ తెచ్చి దాని మీద కప్పాడు. అది మంచి వాసన. ముందు వరసలో వాళ్ళు కొంగులు ముక్కులకి పెట్టుకున్నారు. మావాడేమో "ఇంతకంటే ఒరిజినల్ సెట్టింగు యాడ దొరుకుద్ది" అని ఒకటే మురిసిపోటం. ముసలామె ఏషం కట్టిన ఆర్టిస్టు తెనాలి వైపు నుంచి వచ్చింది, రాత్రికి సింగరాయకొండలో ట్రైను ఎక్కాలి, అందుకని ఆఖరి సీను రొంత పరిగెత్తించాం, అది నాకు ఇప్పటికీ బాధే.

నాటిక అయిపోయాక ఒక పెద్దామె మేకప్ రూము దగ్గరికొచ్చింది. ప్లాంటులో పనిచేసే ఆమే. "మళ్ళీ ఎప్పుడు ఏస్తారయ్యా, మా నైట్ షిఫ్టోళ్ళు చూళ్ళా" అని అడిగింది. ఏం చెప్తాం.

దాని తర్వాత అదే నాటికని వేరే జిల్లాలో ఒక పోటీకి తీసకపోయాం. కౌంటు డైలాగు దగ్గర హాల్లో ఒక్కరు కూడా నవ్వలా. దిగాక ఒక జడ్జి గారు ఆ అమ్మాయిని పిలిచి, విషయం బాగుందమ్మా, భాష ప్రామాణికంగా లేదు, ఈ కౌంటు అనేది జనానికి ఎట్టా అర్థమవుద్ది అన్నారు. ఆయన్ని తప్పు పట్టను, ఆయన రొయ్య చెరువు చూసుండకపోవచ్చు. కానీ సార్, వేదం వెంకటరాయ శాస్త్రి గారు 1897లోనే ప్రతాపరుద్రీయం నాటకంలో చాకలి పేరిగాడి చేత పేరిగాడి మాటలే పలికించాడు గదా, పాత్రోచిత భాష అని ఆయన ఆరోజు పండితుల్తో తిట్లు తిన్నదే ఈరోజు మా అమ్మాయి తింటంది. తేడా ఏందంటే ఆయన నాటకాలు ఆడటానికి నెల్లూరులో ఒక సమాజమే ఉండేది. ఈ అమ్మాయికి టార్పాలిన్ ఉంది.

పోటీలు వద్దని అంటంలేదు. 2023 డిసెంబర్లో గుంటూరులో నంది నాటకోత్సవం జరిగితే సంతోషపడినోళ్ళలో నేనూ ఉన్నా. కాకపోతే పోటీ అనేది వండినదాన్ని రుచి చూసి మార్కులేసే పని, పొయ్యి ఎవురు ఎలిగిస్తారు? నాటికని ముందు మా ఖర్చుతో తయారు చేసి ఎక్కడో ఒకచోట ఆడితేనే ఆ పోటీ దాకా పోయేది. కొత్తగా రాసేవాళ్ళు ఆడనే ఆగిపోతన్నారు. లేదంటే ఏ నాటక పరిషత్తు పోటీలో ఏది గెలిచిందో చూసి, గంటలో ఒక వృద్ధాశ్రమం, ఒక ఏడుపు, ఒక ఉపన్యాసం పెట్టి అట్టాంటిదే రాస్తన్నారు. నేనూ రెండు రాశా, అబద్ధమెందుకు.

మేం అడిగేది పెద్ద కళాక్షేత్రం కాదు. నెల్లూరులో టౌన్ హాలు ఉంది, బాగానే ఉంది, మా షిఫ్టోళ్ళు పని మానుకుని ఆడికి రారు. నెలకి ఒక సాయంత్రం, ఏదో ఒక ప్రభుత్వ కాలేజీ గ్రౌండులో స్టేజీ, పోటీ లేకుండా, జడ్జీలు లేకుండా, కొత్తగా రాసినోళ్ళ నాటిక ఏయించండి. మైకు, లైట్లు, ఆడ ఆర్టిస్టుల ఖర్చు శాఖ పెట్టుకోండి. ఒక్కసారితో వదిలేయకుండా అదే నాటికని చుట్టుపక్కల ఇంకో రెండూళ్ళలో, కావలిలోనో కనిగిరిలోనో ఆడించండి, ఎందుకంటే నాటకం రాసినోడికి తన తప్పు తెలిసేది రెండో ప్రదర్శనలోనే, మొదటిదాంట్లో కంగారు తప్ప ఏం కనపడదు. పర్మిషన్ కోసం మేం ఇప్పటికే ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాం, సారు మీటింగులో ఉన్నారు, సారు క్యాంపులో ఉన్నారు. ఐదోసారి పోలా.

ఏప్రిల్ 16 వస్తది గదా, కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆయన పుట్టింది రాజమండ్రిలో అయినా పూర్వీకులు మా కందుకూరు నుంచి పోయినోళ్ళే, ఆ ఇంటిపేరు మా ఊరిదే. ఆయన మాత్రం 1880లో ఊళ్ళో ప్లీడర్ల సంగతి నాటకంగా రాసి ఊళ్ళోవాళ్ళ ముందే ఆడించాడు, వేరే ఊరు తీసకపోయి మార్కులు అడగలా. దండలేసే ప్రోగ్రాం ఎట్టాగూ పెడతారు, ఈసారి దండతో పాటు ఆ సాయంత్రం ఈ నాటిక మా ఊళ్ళో పెట్టించండి సార్. ఆ పెద్దామె మొన్న సంతలో కనపడి మళ్ళీ అడిగింది. డేటు ఒకటి చెప్పండి, షిఫ్టు మార్చుకోవాలంటే వాళ్ళకి వారం ముందు తెలియాలంట.

టార్పాలిన్ ఈసారి కడిగే తెస్తాం.

ఇట్లు,
కందుకూరు నుంచి ఒక నాటకాలోడు