తాత రూపాయల పెట్టె గురించి

తిరుపతి

చిరంజీవి మధుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది,

ఇక్కడ మేమందరం క్షేమం. మీ నాయనకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. ఉగాది తర్వాత నీ నుండి ఫోను లేదు కాబట్టి పనుల్లో ఉన్నావనుకుంటున్నాను. మొన్న ప్రసాదు మామయ్య చెన్నై తిరువాన్మియూరులో మీ ఇంటికి వచ్చి వెళ్ళాక, తాత పెట్టెలోని వెండి రూపాయలు నిన్ననే టంకశాల నుండి వచ్చినట్లు తళతళలాడుతున్నాయని మెచ్చుకుంటూ చెప్పాడు. అది విన్నప్పటి నుండి నాకు అన్నం సయించడం లేదు. నిన్ను నిలదీయాలని కాదులే, ఊరికే నాలుగు మాటలు వ్రాద్దామని కూర్చున్నాను.

తాత ఆ నాణేలను ఎన్నడూ తోమలేదు. వెండి మీద నల్లగా, అంచుల్లో నీలంగా, ఊదాగా కనిపించేది మురికి కాదు. గాలిలోని గంధకపు వాయువులతో వెండి కలిసినప్పుడు ఏర్పడే సిల్వర్ సల్ఫైడ్ పొర. దానిని తోమి తీస్తే దానితోపాటు నాణెపు వెండి కూడా కొంత పోతుంది. బజారులో అమ్మే ముంచుడు ద్రావణంలోని థయోయూరియా, ఆమ్లం గీతలు పడకుండానే ఆ పనే చేస్తాయి, కానీ నాణెం అచ్చులో పుట్టినప్పటి మెరుపును హరించేస్తాయి. కాలేజీలో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన నోరు కదా, ఆగదు.

కొర్లగుంట సుబ్బమ్మత్త సంగతి నీకు గుర్తుండకపోవచ్చు. ఏటా వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు ఆవిడ పెరట్లో పీట వేసుకుని, కలశం ముందు పెట్టే వెండి రూపాయలను ఒకసారి చింతపండుతో, మరొకసారి విభూతితో, అమ్మవారి ముఖం కనిపించాలంటూ తోమేది. వాటిలో 1911 నాటి అయిదవ జార్జి రూపాయి ఒకటి ఉండేది. రాజుగారి అంగీ మీద చెక్కిన ఏనుగు పందిలా కనిపించిందని గొడవై, 1912లో తొండం స్పష్టంగా కనిపించేలా అచ్చు మార్చారు. అందుకే సేకరించేవారు ఆ 1911 నాణేన్ని వెతికి మరీ కొంటారు. మనవరాలి పెళ్ళికని దానిని పట్టుకుని ఆవిడ, తోడుగా మీ నాయన, గాంధీ రోడ్డులో ఒక వ్యాపారి దగ్గరికి వెళ్ళారు. ఆయన భూతద్దంలో చూసి, అన్నీ ఒకే వైపుకు సాగిన సన్నని గీతలను చూపించి, 11.66 గ్రాముల బరువుకు వెండి ధర మాత్రమే లెక్క కట్టాడట. దారి పొడుగునా ఆవిడ వ్యాపారిని తిట్టింది గాని విభూతిని ఒక్క మాట అనలేదు.

నువ్వూ ఎవరో వ్యాపారిని పిలిపించావని ప్రసాదు మామయ్య అన్నాడు. అమ్మవద్దని నేననను. అమ్మదలచుకుంటే మరీ తోమకూడదు. అంత అవసరం ఏమొచ్చిందో మాత్రం ఫోను చేసి మీ నాయనకు చెప్పు.

ఈస్టిండియా కుంపిణీ వారి 1835 నాటి రాగి కాణీలను నువ్వు మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో వేసి ఉంటావని నా అనుమానం. అవి పీవీసీవైతే కొన్నాళ్ళకు జిగురు, ఆమ్లం విడుదల చేసి నాణేనికి పచ్చటి జిడ్డు పట్టిస్తాయి. అలా పట్టి ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌ను గాజు గిన్నెలో పోసి నాణేన్ని నాననిచ్చి, మరోసారి కొత్త అసిటోన్‌లో ముంచి, తుడవకుండా దానంతట అదే ఆరనివ్వు. లత గోళ్ళరంగు తీసే సీసా పనికిరాదు, అందులో నూనె, సువాసన కలిపి ఉంటాయి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దేవుడి గదిలో దీపం వెలుగుతుండగా ఈ పని పెట్టుకోకు. కిటికీలు తెరిచి పెట్టు. మట్టి మాత్రమే ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం చాలు. నాణేన్ని అంచులతోనే పట్టుకో, చేతి చెమట ఆనితే వేలిముద్ర లోహంలోకి దిగిపోతుంది.

మీ ఇల్లు సముద్రానికి అంత దగ్గర. ఉప్పుగాలిలోని క్లోరైడ్ తేమతో కలిసి రాగి, కంచు నాణేల మీద లేత పచ్చటి పొడి రేపుతుంది, అది లోలోపల తినేస్తూ పోతుంది. అటువంటిది ఒక్కటి కనిపించినా దానిని మిగిలిన వాటి నుండి వెంటనే వేరు చేసి, పొడిగా ఉంచు. మిగిలినవి మైలార్ అనే పీవీసీ లేని ప్లాస్టిక్ కవర్లలో, గాలి చొరని డబ్బాలో పెట్టు. చెక్క పెట్టె వద్దు, రబ్బరు బ్యాండ్లు అసలే వద్దు, వాటిలో గంధకం ఉంటుంది.

ఇప్పటికే తోమేసి ఉంటే ఇంకేమీ పూయకు, వాటిని అలాగే వదిలెయ్యి. పగటి వెలుతురులో ఒక ఫోటో పంపు, నేను చూసి చెబుతాను. శనివారం ప్రసాదు మామయ్య చేత సిలికా జెల్ పొట్లాలు, కందిపొడి పంపిస్తున్నాను. రెండూ ఒకే సంచిలో ఉన్నాయి, చూసి తీసుకో.

అమ్మ