ఇకపై మా షాపులో చిప్పుకు హీటింగ్ చేయం

బెంగళూరు మారతహళ్ళిలో మా ల్యాప్‌టాప్ రిపేరు షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఒక పని మానేస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు పోతే ఆ చిప్పుకు వేడి గాలి పట్టించి లేపే పని ఉంది కదా, మీరు హీటింగ్ అంటారు, మేము రీఫ్లో అంటాం, అది ఇక చేయను. దానికి రెండున్నర వేలు తీసుకునేవాణ్ణి. మీలో కొందరు నాకు ఆ డబ్బు ఇచ్చినవాళ్ళే, అందుకే చెప్పాపెట్టకుండా బోర్డు మీద ఆ లైను చెరిపేయడం బాగుండదనిపించింది.

పోయిన నెల ఒక తమ్ముడు వచ్చాడు. కదిరి అబ్బాయి, మున్నేకొళాలలో పీజీలో ఉంటూ యానిమేషన్ కోర్సు చేస్తున్నాడు. బ్యాగు జిప్పు తీయకముందే, "అన్నా, స్క్రీను మీద మళ్ళీ గీతలొచ్చాయి" అన్నాడు. అదే మూడోసారి రావడం. మొదటిసారి హీటింగ్ చేశాక నాలుగు నెలలు నడిచింది, రెండోసారి అయిదు వారాలు. ఈసారి ఫ్రీగా చేస్తానన్నాను. "వద్దులే అన్నా, ఫ్రీగా చేసినా మళ్ళీ రావాల్సిందే కదా" అన్నాడు. కోపంగా అనుంటే నాకు కాస్త తేలికగా ఉండేది. టీ వద్దన్నంత మామూలుగా అన్నాడు.

ఆ రాత్రి షట్టరు సగం దించి పాత నోటుబుక్కులు తిరగేశాను. హీటింగ్ అని రాసుకున్న వాటిలో సగానికి పైగా ఆరు నెలల్లోపే తిరిగొచ్చాయి. రానివన్నీ బాగున్నాయని అనుకోవడానికీ లేదు, నా మీద నమ్మకం పోయి పక్క షాపుకు వెళ్ళుంటారు.

హీటింగ్ ఎందుకు నిలబడదో చెప్తాను. గ్రాఫిక్స్ చిప్పును దగ్గరగా చూస్తే మధ్యలో అద్దంలా మెరిసే చిన్న సిలికాన్ ముక్క, దాని కింద ఆకుపచ్చ పలక కనిపిస్తాయి. పలక కింద ఆవగింజల్లాంటి సీసపు గుండ్లు వందల్లో ఉండి, దాన్ని మదర్‌బోర్డుకు అతికిస్తాయి. సీసం అని నోటి అలవాటు కొద్దీ అన్నాను. 2006 జులై 1 నుంచి యూరప్ రూలు వల్ల ఎలక్ట్రానిక్స్‌లో చాలావాటికి సీసం లేని సోల్డరే వాడుతున్నారు. పాతది 183 డిగ్రీలకే కరిగేది, ఇప్పటిది 217 దాటితే గానీ కరగదు. ఆ గుండ్లు పగిలాయి, వేడి చేస్తే మళ్ళీ అతుక్కుంటాయి, ఇదే మాకు నేర్పిన పాఠం. అయితే సిలికాన్ ముక్కకూ ఆకుపచ్చ పలకకూ మధ్య ఇంకా సన్నటి బుడిపెలు ఉంటాయి. చాలా చిప్పుల్లో జబ్బు అక్కడే. 2008 జులైలో ఎన్విడియా కంపెనీయే ఈ మాట ఒప్పుకుంది. కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల్లో ఆ అతుకు మెటీరియల్ బలహీనంగా ఉందని, మరమ్మతుల ఖర్చు కింద 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నామని ప్రకటించింది. బయటి నుంచి మనం ఎంత వేడి కొట్టినా ఆ పగులు పూడదు. లోపల కాస్త వ్యాకోచించి తాత్కాలికంగా తగులుకుంటుంది, అంతే. పాత టీవీ నెత్తిన ఒకటి తడితే బొమ్మ వచ్చేది చూడండి, అలాంటిదే. చిప్పు ఊడదీసి కొత్త గుండ్లు వేసే రీబాలింగ్ కూడా లోపలి పగులును ఏమీ చేయలేదు. 2011 మ్యాక్‌బుక్ ప్రోల్లో గ్రాఫిక్స్ సమస్య వచ్చినప్పుడు, 2015లో యాపిల్ ఫ్రీగా రిపేరు చేసిచ్చే పథకం పెట్టింది. అప్పుడు వాళ్ళు చిప్పుకు వేడి పెట్టలేదు, బోర్డే మార్చి ఇచ్చారు.

ఇవన్నీ నాకు ముందే తెలియవా అంటే, కొంత తెలుసు. కస్టమరు ఎదురుగా కూర్చుని ఉండగా స్క్రీను మీద బొమ్మ వస్తే ఆయన మొహంలో వచ్చే వెలుగు చూసి, ఇంకొన్నాళ్ళు నడుస్తుందిలే అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

మరి గ్రాఫిక్స్ పోతే ల్యాప్‌టాప్ పారేయాలా? అక్కర్లేదు. చాలా ల్యాప్‌టాపుల్లో గ్రాఫిక్స్ రెండుంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్నది, రెండోది ఎన్విడియానో ఏఎండీనో విడిగా పెట్టిన పెద్దది. 2010లో ఎన్విడియా ఆప్టిమస్ అనే ఏర్పాటు తెచ్చింది. అందులో పెద్ద కార్డు బొమ్మ తయారుచేసి చిన్నదానికి అందిస్తుంది, స్క్రీనుకు పంపేది చిన్నదే. పెళ్ళిలో వంట వెనక షెడ్డులో, వడ్డన ముందు పందిట్లో అన్నట్టు. వంటవాడు మంచాన పడితే విందు ఉండదు గానీ ఇంట్లో అన్నం, పప్పు ఎలాగూ ఉంటాయి. పెద్ద కార్డును ఆపేసి చిన్నదాని మీద నడిపించడమే ఇప్పుడు నేను మొదట చేసే పని. దీనికి నాలుగు వందలు. ఇంట్లో మీరే చేసుకోగలిగితే అదీ వద్దు: విండోస్ డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రెండు పేర్లు ఉంటే, ఎన్విడియా లేదా విడిగా ఉన్న ఏఎండీ పేరు మీద రైట్ క్లిక్ చేసి డిజేబుల్ చేయండి. ఒక్క పేరే ఉంటే మాత్రం దాని జోలికి పోకండి.

ఇందులోనూ తిరకాసులు ఉన్నాయి. కొన్ని మోడళ్ళలో డ్రైవరు, అంటే విండోస్‌లో కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, ఆగిపోయినా చిప్పుకు కరెంటు ఆగదు. కార్డును నిద్రపుచ్చే పని డ్రైవరుదే కాబట్టి, డిజేబుల్ చేశాక బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోవచ్చు. అందుకే బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఆపే ఆప్షన్ ఉంటే అదే మేలు. చాలా గేమింగ్ ల్యాప్‌టాపుల్లో హెచ్‌డీఎంఐ పోర్టు పెద్ద కార్డుకే కలిపి ఉంటుంది, అప్పుడు బయటి మానిటరు పనిచేయదు. ఆఫీసులో మానిటరుకు తగిలించుకునేవాళ్ళు ముందే నాకు చెప్పండి, టైప్ సీ పోర్టు నుంచి వస్తుందేమో చూస్తాను. పెద్ద కార్డు తప్ప వేరే దారి లేని మోడల్ అయితే ఈ కిటుకు పారదు. అది విప్పకముందే చెప్పేస్తాను, డబ్బులు తీసుకోను.

ఇప్పుడు ఇంకో తప్పు ఒప్పుకోవాలి. మూడేళ్ళ కిందట కేఆర్ పురం నుంచి ఒక మాస్టారు వచ్చారు, స్క్రీను నిండా నిలువు గీతలు. నేను చూసీ చూడగానే డిస్‌ప్లే పోయిందన్నాను. ఆరున్నర వేలకు కొత్త ప్యానెల్ వేశాను. ఆన్ చేస్తే అవే గీతలు, అదే చోట. అది స్క్రీను నేరుగా పెద్ద కార్డుకు కలిపిన పాత మోడల్. ఆయన డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆ ప్యానెల్ ఇప్పటికీ షాపులో ర్యాకు మీద ఉంది, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు చూపిస్తుంటాను. ఒక్క నిమిషం పట్టే పరీక్ష చేసుంటే ఆ పొరపాటు జరిగేది కాదు. గీతలు ఉన్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి మీ ఫోనుకు పంపుకోండి. ఫోనులోనూ గీతలు కనిపిస్తే తప్పు దాదాపు గ్రాఫిక్స్ వైపే. ఫోనులో బొమ్మ శుభ్రంగా ఉంటే ప్యానెల్‌నో కేబుల్‌నో ముందు అనుమానించాలి. బయోస్ స్క్రీను బాగానే వస్తోంది కదా, కార్డు బాగున్నట్టే కదా అని చాలామంది అడుగుతారు. రెండు గ్రాఫిక్స్ ఉన్న చాలావాటిలో బయోస్ బొమ్మ చిన్నదే గీస్తుంది కాబట్టి అది సాక్ష్యం కాదు.

డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు కింద కోడ్ 43 అని వచ్చిందంటే కార్డు పోయిందని వెంటనే టెన్షన్ పడకండి. పరికరం ఏదో సమస్య చెప్పింది, అందుకని ఆపేశాను అని విండోస్ అంటోంది, అంతే. డ్రైవరు చెడినా అదే వస్తుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి పాత డ్రైవరును డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే టూల్‌తో పూర్తిగా తీసేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవరు వేసి చూడండి. అప్పటికీ అదే కోడ్ వస్తే, లేదా గేమ్ తెరవగానే మెషీన్ ఆగిపోతుంటే, అప్పుడు తీసుకురండి.

అసలే ఆన్ కాకపోతే సంగతి వేరు, ఇక్కడ నిజమైన రిపేరుకు అవకాశం ఉంది. చాలాసార్లు పోయేది చిప్పు కాదు, దానికి కరెంటు ఇచ్చే సెక్షన్‌లో కెపాసిటరో మాస్‌ఫెటో లాంటి చిన్న పార్టు ఒకటి షార్ట్ అవుతుంది. మొన్న బుధవారం ఒకటి అలాగే దొరికింది. బోర్డును తొందరగా ఆరిపోయే ఐపీఏ ఆల్కహాల్‌తో తడిపి, బెంచి మీది పవర్ సప్లై నుంచి ఒక వోల్టు ఎక్కించాం. అంతా తడిగా మెరుస్తుంటే, ఒక్క కెపాసిటర్ చుట్టూ మాత్రం తడి రెండు మూడు సెకన్లలో ఆరిపోయింది. నువ్వుగింజంత ఉంది అది. తీసేసి ఇంకోటి వేస్తే మెషీన్ లేచింది, గ్రాఫిక్స్ కూడా బాగుంది. ఇలాంటివి మానను. గ్రాఫిక్స్ పక్కనుండే మెమరీ చిప్పుల్లో ఒకటి పోతే దాన్ని మార్చే పని కూడా చేస్తాం. ఒక చిన్న మాట, ఇది రిపేరు నేర్చుకుంటున్న పిల్లల కోసం: గ్రాఫిక్స్ కాయిల్ మీద మీటరు బీప్ కొట్టగానే షార్ట్ అని తేల్చేయకండి. అక్కడ మంచి చిప్పు కూడా ఒక ఓం కన్నా తక్కువ చూపించవచ్చు. మొదట్లో ఆ బీప్ విని బాగున్న చిప్పును పోయిందని చెప్పినవాణ్ణి నేనే.

చిప్పే పోయి, పెద్ద కార్డు కావాల్సిందే అంటే మిగిలేది బోర్డు మార్చడం. ఎస్పీ రోడ్డులో వాడిన బోర్డులు దొరుకుతాయి. కానీ వాటి మీద ఉన్నదీ అదే చిప్పు, అదే వయసు. అయిదేళ్ళు దాటిన ల్యాప్‌టాప్‌కైతే నేను సలహా ఇవ్వను. నా వ్యాపారానికి నష్టమే, ఏం చేస్తాం.

కదిరి తమ్ముడి మెషీన్‌లో ఎన్విడియా ఆపేశాం. యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో రెండరింగ్, అంటే బొమ్మలు తయారుచేసే పని, ఇప్పుడు ప్రాసెసర్ మీద నడుస్తోంది. చాలా నెమ్మది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి అవుతోందట, పక్క మంచం అతను ఫ్యాను చప్పుడని గొణుగుతున్నాడట. గీతలు మాత్రం రావడం లేదు.

డబ్బు విషయం. పోయిన ఉగాది తర్వాత నా దగ్గర హీటింగ్ చేయించుకుని, ఆరు నెలల్లోపు మెషీన్ మళ్ళీ పాడైనవాళ్ళు రండి. బిల్లు పోగొట్టుకున్నా ఫర్వాలేదు, నా నోటుబుక్కులో మీ ఫోన్ నంబరు ఉంటుంది. అందరికీ ఒకేసారి మొత్తం నగదు ఇచ్చే స్తోమత ఇప్పుడు లేదు. సగం చేతికి ఇస్తాను. నగదు వద్దు, వేరే పని చేయించుకుంటాం అంటే మొత్తం రెండున్నర వేలూ అందులో తగ్గిస్తాను. ఏది కావాలో మీ ఇష్టం. ఆ తమ్ముడికి రెండుసార్లు తీసుకున్నదీ పూర్తిగా ఇచ్చేశాను.

వచ్చేటప్పుడు చార్జరు తప్పకుండా తెండి, ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగానే ఫైళ్ళు వేరే చోటికి కాపీ చేసుకోండి. వీడియోలు చూసి బోర్డును ఇంట్లో ఓవెన్‌లో పెట్టినవాళ్ళు ఇద్దరు వచ్చారు, ప్లాస్టిక్ కనెక్టర్లన్నీ ఒంగిపోయాయి, వాటిని నేనేమీ చేయలేకపోయాను. సోమవారాలు పొద్దున ఎస్పీ రోడ్డుకు వెళ్తాను, షాపు మధ్యాహ్నం రెండుకు తీస్తాను. మిగతా రోజులు పదిన్నరకల్లా ఉంటాను.