శనివారం నువ్వే వచ్చెయ్

బుజ్జమ్మా,

ఫోన్లో అయితే మధ్యలోనే పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

"డల్లాస్‌లో బావ పదహారేళ్లకే కారు నడుపుతున్నాడు. నేను పదిహేడేళ్లొచ్చి కాకినాడ నుంచి బస్సెక్కి రాలేనా?" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపంతో కాదు, జవాబు దొరక్క.

నాకు పన్నెండేళ్లప్పుడు కొబ్బరి దింపు డబ్బులు తెమ్మని మీ తాతయ్య నన్ను ఒక్కణ్ణే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాడు. నరసాపురంలో షావుకారు ఇచ్చిన నోట్లు తువ్వాల్లో చుట్టి, చొక్కా కింద నడుముకి కట్టుకున్నాను. వశిష్ఠ గోదావరి దాటి ఇవతలి గట్టు ఎక్కేదాకా దాని మీంచి చెయ్యి తియ్యలేదు. అదే తాతయ్య ఇంటర్లో ఏ గ్రూపు కావాలో నన్ను అడగనే లేదు. పెళ్లిచూపుల సంగతి కూడా ముందురోజు రాత్రి భోజనాల దగ్గర చెప్పాడు. ఆయన నన్ను తిరగనిచ్చాడు గానీ తేల్చుకోనివ్వలేదు. నీ గ్రూపు నువ్వే ఎంచుకుంటే నేను కిక్కురుమనలేదు, బస్సు దగ్గరికొచ్చేసరికి మాత్రం బ్యాగు పట్టుకుని తయారు. నువ్వు మగపిల్లాడివైతే ఇంత టెన్షన్ పడేవాణ్ణి కాదేమో. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఇక మీ బావ సంగతి. వాళ్ల టెక్సస్‌లో కారు 16కి, ఓటు 18కి, మందు 21కి. మనకీ 1989 నుంచి ఓటు 18కే. చట్టాల్లో కన్నా ఇళ్లలోనే తేడా ఎక్కువ. వాడు సెలవుల్లో పిజ్జా కొట్లో పనిచేసి ఫోన్ బిల్లు తనే కట్టుకుంటున్నాడని అత్త గొప్పగా చెప్పింది. అది విని మీ నాయనమ్మ, "పిల్లాడికి అంత కష్టం ఏమొచ్చిందే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వాడు కారేసుకుని ఎక్కడ తిరుగుతున్నాడో అత్త ఫోన్లో మ్యాపు పెట్టుకుని చూస్తుందట. ఆ సంగతి మాత్రం బావ నీకు చెప్పి ఉండడు.

శనివారం నువ్వే వచ్చెయ్. అమలాపురంలో బస్సు మారి రాజోలులో దిగు. చీకటి పడితే మనూరికి ఆటోలుండవు కాబట్టి బండేసుకుని అక్కడుంటాను, నిఘా అనుకోకు. అమ్మేమో యానాం వంతెన దాటగానే ఫోన్ చెయ్యాల్సిందే అంటోంది. అందులో నన్ను లాగకండి, అది మీరూ మీరూ చూసుకోండి.

మీ నాన్న