అత్తగారి మాత్రల అట్టలు ఒకచోట పెట్టి చూస్తే

సంపాదకుడు గారికి,

మా అత్తగారికి డెబ్బై మూడేళ్లు. ఒంటికి వస్తోందనిపించాక పెరట్లోకి వెళ్లేలోపే చీర తడిసిపోయేది. కొడుకుతో చెప్పుకోలేక ఏడాదిపాటు పెళ్లిళ్లకే వెళ్లడం మానేశారు. చివరికి నాతో చెబితే బరంపురంలో చూపించాం. ఆక్సీబ్యుటినిన్ రాశారు. తడవడం తగ్గింది. కానీ నోరు పిడచకట్టుకుపోయేది, విరేచనం కాదు. కొన్నాళ్లకి పొయ్యిమీద పాలు మరిచిపోవడం, సాయంత్రమైతే ఇది ఎవరిల్లని అడగడం మొదలైంది. వయసు కదమ్మా అన్నారంతా. నేనూ అన్నాను.

అరికాళ్ల మంటలకని శ్రీకాకుళంలో రాసిన అమిట్రిప్టిలిన్ అప్పటికే వాడుతున్నారు. దురదకి షాపులో ఇచ్చిన క్లోర్‌ఫెనిరమిన్ ఇంకొకటి. మూడు అట్టలూ ఒక డాక్టరు ముందు పెట్టాకే తెలిసింది, మూడూ అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునేవేనని. మూత్రాశయాన్ని బిగించేదీ, మెదడులో జ్ఞాపకానికి పనికొచ్చేదీ ఆ రసాయనమే. ఆయన దురద మాత్ర మాన్పించి, మిగతావి మెల్లగా మార్చారు. ఆక్సీబ్యుటినిన్ బదులు వేరే తరహా మూత్రాశయపు మందు మిరాబెగ్రాన్ రాసి బీపీ చూసుకోమన్నారు. కటి కండరాలు బిగించే వ్యాయామం, వేళ పెట్టుకుని ఒంటికి వెళ్లే అలవాటు నేర్పారు. (ఇవి ముందే ఎవరూ చెప్పలేదేం?) ఇప్పుడు ఇల్లు గుర్తుపడుతున్నారు. మొన్న పాతపట్నం పెళ్లికీ వెళ్లారు, సంచిలో పొడి చీర పెట్టుకుని.

బ్రిటన్‌లో 55 ఏళ్లు దాటినవారి రికార్డులతో 2019లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) ఉన్నవారు దాదాపు 59 వేలు, లేనివారు 2.25 లక్షల మంది. ఈ తరహా మూత్రాశయపు మందుల్ని ఏళ్ల తరబడి ఎక్కువగా వాడినవారిలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. మందే కారణమని అది రుజువు చేయలేదు. డిమెన్షియా తొలిదశలోనే మూత్రం ఆగని సమస్య రావచ్చు కూడా. అందుకే ఎవరూ ఇంట్లో సొంతంగా మాత్ర ఆపొద్దు, డాక్టరుని అడగండి.

మా పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో ఒడియా, చీటీ మీద ఇంగ్లీషు. సగం వైద్యం ఒడిశాలో, సగం ఆంధ్రలో. రెండు చీటీలూ ఒకరి చేతిలో పడవు. అరవై దాటినవారికి సర్కారు ఆస్పత్రిలో ఉచిత మందులిచ్చే నిరామయ కౌంటర్లో మందులిచ్చేముందు, ఇంట్లో వాడుతున్న అట్టలన్నీ తెమ్మని అడిగి చూసే ఏర్పాటు గజపతి జిల్లా ఆరోగ్యశాఖ చేయాలి. తెలుగు వీధులకొచ్చే ఆశా కార్యకర్తలు ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి ఒంటి సంగతి అడగాలి. మగవాళ్లెదుట అడిగితే మా అత్తగారు ఇప్పటికీ లేదనే అంటారు.

– ఒక కోడలు, పర్లాకిమిడి