అంబాసిడర్ పుట్టిల్లు ఆక్స్‌ఫర్డ్

సంపాదకులు గారికి నమస్కారం,

మొన్న ఆదివారం పాత కార్ల మీద మీరు వేసిన పేజీ చూశా, ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ అంబాసిడర్ అచ్చంగా మన కారే అని రాసేశారు చూడండీ, అదొక్కటే ఒప్పుకోలేకపోతున్నా. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అండి, ఆక్స్‌ఫర్డ్ దగ్గర కౌలీలో తయారైన బండి, మనవాళ్లు తెచ్చుకుని బెంగాల్లో ఉత్తర్‌పారాలో 2014 దాకా లాక్కొచ్చారు. కాపురం మన దగ్గర చేసింది, నిజమే, పుట్టిల్లు మాత్రం అక్కడే.

నేను ఇరవై ఏళ్లుగా ఇంగ్లండులో కోవెంట్రీలో ఉంటున్నా, జాగ్వార్లూ ట్రయంఫ్‌లూ తయారైన ఊరు ఇది. ఇక్కడికొచ్చాకే పాత బ్రిటిష్ కార్ల బొమ్మలు కొనే పిచ్చి పట్టుకుంది. చిన్నప్పుడు కాకినాడలో మా వీధి డాక్టరు గారికి స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది, మద్రాసులో చేసేవాళ్లు గానీ అసలు అది ఇక్కడి ట్రయంఫ్ హెరాల్డే. దాని బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి లేచిపోయేది, మెకానిక్ దర్జాగా ముందు టైరు మీద కూర్చుని ఇంజన్ పని చూసుకునేవాడు, మేమేమో మొసలి నోరు తెరిచిందిరా అని చుట్టూ మూగేవాళ్లం. ఆమధ్య ఓ బొమ్మల సంతలో కోర్గీ అనే బొమ్మకార్ల కంపెనీ వాళ్ల హెరాల్డ్ కనపడింది, నీలం రంగు సగం లేచిపోయి ఉంది, గోరు పెట్టి బానెట్ ఎత్తితే అచ్చం అలాగే లేచింది, లోపల చిటికెడంత ఇంజన్ కూడాను! బేరం కూడా ఆడకుండా కొనేశా. పెట్టె ఉంటే దీనికి నాలుగింతలు చెప్పేవాణ్ణి అన్నాడు అమ్మినాయన. బొమ్మకన్నా అట్టపెట్టె ఖరీదెక్కువ, ఈ చోద్యం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, పిల్లాడు ఆడుకోకుండా దాచిన బొమ్మ అదేం బొమ్మండీ.

ఈ కోర్గీ కార్లు 1956 నుంచి వేల్స్‌లోని స్వాన్‌సీలో చేశారు. అప్పటిదాకా రాజ్యమేలిన లివర్‌పూల్ డింకీ కార్లకి కిటికీలంటే ఉత్త కన్నాలే, కోర్గీ వాళ్లు ప్లాస్టిక్ అద్దాలు పెట్టేసరికి డింకీ వాళ్లూ పెట్టక తప్పలేదు. ఇంతా చేసి డింకీ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పెద్ద కార్ల అచ్చులు వచ్చినట్టే డింకీ బొమ్మల అచ్చులు కూడా 1960ల చివర్లో కలకత్తా వచ్చాయి, నిక్కీ టాయ్స్ అని పేరు పెట్టి అమ్మారు. పోత కాస్త మొరటుగా ఉంటుంది గానీ ఇప్పుడు వాటి కోసం ఇక్కడి వాళ్లు తెగ వెతుకుతున్నారు. నా దగ్గరా ఒకటుండేది, జాగ్వార్. దాన్ని పాత సామాన్లవాడికిచ్చి పీచుమిఠాయి తిన్న మహానుభావుణ్ణి నేనే, మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

మీ పాఠకుల్లో ఎవరి అటక మీదైనా బరువుగా ఉండే చిన్న లోహపు కారు దొరికితే ఒకసారి తిరగేసి అడుగున పేరు చూడమనండి, నిక్కీ అని ఉంటే దయచేసి కొత్త రంగులు వెయ్యొద్దనండి. ఫొటో పంపితే మీరు వెయ్యండి, జాగ్వార్ అయితే ముందు పేజీలో వేసినా నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు
మీ పాత పాఠకుడు, కోవెంట్రీ